సెలవు

తెలుగులో 'సెలవు' అనే మాటకు అర్థాలు అనేకం. పెద్దలు ఆజ్ఞాపిస్తే సెలవిచ్చారంటాము. అతిథి బయలుదేరుతూ కోరేదీ సెలవే. బడి మూసివేసిన దినము సెలవు దినము. పాత లెక్కల పుస్తకాలలో సెలవు అంటే ఖర్చు. మొదటి సంవత్సరం విద్యార్థులకు నానార్థాలు బోధించేటప్పుడు ఈ మాటను ఉదాహరణగా తీసుకొనడం నాకు అలవాటు. అయితే ఇందులో ఒక అర్థం మరొక అర్థంగా ఎట్లా మారిపోతుందో నేను నిఘంటువులో చదివి తెలుసుకొన్నవాడను కాను. 2018వ సంవత్సరంలో, మా వేటపాలెంలో, మంచం మీద వెల్లకిల పడుకొని తెలుసుకొన్నాను. నేను అడిగిన సెలవు చివరకు నాకు చెప్పిన సెలవు అయింది.

మన కళాశాల వార్షిక సంచికకు ఒక చివర నుండి ఉర్దూ విభాగము, మరొక చివర నుండి తెలుగు విభాగము ఆరంభమై మధ్యలో కలుసుకొంటాయి. ఈ చివర ప్రతి యేడూ ప్రబంధ కవుల గురించో, వ్యాకరణం గురించో నాలుగు పేజీలు నింపడం నా వంతు. ఈసారి విద్యార్థి సంపాదకులు వచ్చి, "మాస్టారూ, చదివిన వారికి పనికివచ్చే విషయం ఏదైనా వ్రాయండి" అన్నారు. అంతకు ముందు వ్రాసినవి పనికిరానివనే ధ్వని అందులో లేకపోలేదు. కోపం తెచ్చుకోలేదు. చాలా కాలంగా చెప్పాలని ఉండి, చెప్పుకొనడానికి సిగ్గుపడిన సంగతి ఒకటి నా వద్ద ఉన్నది. అదే వ్రాస్తున్నాను.

మాది నూర్‌బాషా కుటుంబం. మా తాతగారు దూది ఏకేవారు. మా నాన్నగారి నాటికి ఆ పని యంత్రాలపాలై, పరుపులు, బొంతలు కుట్టడం మాత్రమే మిగిలింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాము. ఉర్దూ నేను పెద్దయిన తరువాత కూడబలుక్కొని నేర్చుకొన్నదే. మా వీధిలో అటు పక్క మగ్గాలు, ఇటు పక్క జీడిపప్పు ఒలిచే ఇండ్లు. పడుగు, పేక అనే మాటలు అమ్మ, నాన్న అనే మాటలతో బాటే మాకు వస్తాయి. ఆనాటికి వేటపాలెం ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరింది. అక్కడి బడులలో చదువుకొని, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, 2012 జూన్ నెలలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిగా చేరాను. ఆ కళాశాల పేరు, ఊరు చెప్పను. చెప్పడం వలన ప్రయోజనం లేదు. అట్లాంటి కళాశాలలు ఒకటి కాదు.

నియామకపు ఉత్తరం ఒకే ఒక పేజీ. అందులో జీతమెంతో ఉన్నది, పనిగంటలెన్నో ఉన్నవి, యాజమాన్యము యొక్క గౌరవానికి భంగం కలిగించరాదని ఉన్నది. జబ్బు చేస్తే ఏమి చేయాలో లేదు. ఇరవైమూడేళ్ళవాడికి జబ్బు సంగతి ఎందుకు తోస్తుంది? నేను అడగలేదు. వారు చెప్పలేదు. ఆరు సంవత్సరాలు పనిచేశాను. మంచి పేరే వచ్చిందని అనుకొంటున్నాను.

2017 చివర నడుములో నొప్పి మొదలయింది. రోజూ బస్సులో నిలబడి వెళ్ళడం వలన కాబోలు అనుకొన్నాను. ఆయింట్‌మెంటు రాసుకొన్నాను, కాపడం పెట్టించుకొన్నాను. సాయంకాలాలు ఒళ్ళు వెచ్చబడేది. చొక్కా వదులయింది. నల్లబల్ల మీద పైవరుస వ్రాయడానికి చేయి ఎత్తితే వెన్నులో కత్తి దిగినట్లుండేది. కింది వరుసల్లోనే వ్రాసి నెట్టుకువచ్చాను. 2018 మార్చిలో ఒకనాడు తరగతిలో కుర్చీలోంచి లేవలేకపోయాను. గుంటూరు పెద్ద ఆసుపత్రిలో స్కానింగు తీసి, వెన్నెముకకు క్షయ సోకిందని చెప్పారు.

క్షయ అంటే దగ్గు, రక్తము అని మాత్రమే ఎరిగినవాడను. అది ఎముకకు కూడా వస్తుందని, ఊపిరితిత్తులకు సోకనంతవరకు ఇటువంటిది ఇతరులకు అంటదని, పన్నెండు నెలలు గానీ అంతకు మించి గానీ మందులు మింగవలసి ఉంటుందని, మొదటి మూడు నెలలు పడకలోనే ఉండాలని ఆ డాక్టరుగారు ఓపికగా చెప్పారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. ఆ యేడు ఏప్రిల్ నుండి క్షయరోగులకు పోషకాహారం కొరకు నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే పథకం మొదలయింది. 2024 నవంబరు నుండి అది వెయ్యి రూపాయలయింది. ఆ అయిదువందలు చిన్న మొత్తమే కావచ్చు. జీతం ఆగిన ఇంట్లో గుడ్లూ పాలూ దానితోనే వచ్చాయి.

సెలవు కొరకు ఉత్తరం వ్రాసి, డాక్టరు ధ్రువపత్రం జతచేసి, ఒక సహోద్యోగి చేతికిచ్చి పంపాను. యాజమాన్యంలోని పెద్దమనిషి ఒకరు ఫోనులో, "ఆరోగ్యం చూసుకోండి మాస్టారూ, ఉద్యోగం ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ మాటకు నా కండ్లు చెమర్చాయి. సెలవు మంజూరయినట్లు కాగితం ఏదీ రాలేదు. అడగడం మర్యాద కాదనుకొన్నాను. నోటితో అంత ఆదరంగా చెప్పిన వారిని కాగితం అడగడమేమిటని మొహమాటం. విద్యార్థులారా, ఈ మొహమాటం అన్న మాటను బాగా గుర్తుపెట్టుకొనండి. దానికి నేను చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

మే నెలలో రంజాన్ వచ్చింది. పదేళ్ళ వయస్సు నుండి విడవకుండా ఉంటున్న ఉపవాసం ఆ యేడు ఉండలేకపోయాను. తెల్లవారుజామున ఇంట్లో గిన్నెల చప్పుడు వింటూ కండ్లు మూసుకొని పడుకొనేవాడిని. మసీదు ఇమాంగారు చూడవచ్చి, రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఉన్నదని, కోలుకొన్న తరువాత ఇతర దినాలలో ఆ లెక్క పూర్తిచేసుకోవచ్చునని జ్ఞాపకం చేశారు. అది నాకు తెలియని విషయం కాదు. కాని ఆనాడు దానిలోని అర్థం కొత్తగా తోచింది. జబ్బు పడినవాడి దినాలు పోయిన దినాలు కావు, వాయిదా పడిన దినాలు. లెక్క మిగిలే ఉంటుంది గాని, మనిషి పేరు పట్టీలోంచి పోదు.

జూన్‌లో కళాశాల తెరిచారు. రెండవ సెలవు ఉత్తరం పంపాను. ఆ నెల నుండి జీతం ఆగింది. అది న్యాయమేననుకొన్నాను. పనిచేయని వాడికి జీతం ఎక్కడినుండి వస్తుంది? ఆగస్టులో మూడవ ఉత్తరం సాధారణ తపాలాలో పంపాను. అక్టోబరులో రిజిస్టరు తపాలాలో నాకొక ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను కర్ర పట్టుకొని వీధి చివరిదాకా నడవగలుగుతున్నాను. పోస్టుమాను వద్ద సంతకం పెట్టి అందుకొని, అరుగు మీదనే విప్పి చదివాను. అనుమతి లేకుండా దీర్ఘకాలం గైర్హాజరయినందున నేను స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకొన్నట్లు 'భావించడమైనది' అని ఉన్నది.

నేను వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవాడిని. అంత బాధలోనూ నా కన్ను ఆ క్రియ మీదనే నిలిచింది. భావించడమైనది. ఎవరు భావించారు? వాక్యంలో కర్త లేడు. ఫోనులో మాట్లాడిన పెద్దమనిషికి ఒక పేరున్నది, ఒక గొంతున్నది. ఉత్తరంలో ఎవరూ లేరు. ఇక 'స్వచ్ఛందంగా' అన్న మాట. పక్క మీద అటు నుండి ఇటు తిరగడానికి తల్లి సాయం కావలసిన మనిషి స్వేచ్ఛగా ఉద్యోగం వదులుకొన్నాడట! కర్త లేని ఆ వాక్యంలో పని మాత్రం నేనే చేసినట్లు వ్రాశారు.

నాన్నగారు చదువుకోలేదు. ఉత్తరంలో ఏమున్నదని అడిగితే చెప్పాను. కొంతసేపు ఊరకుండి, "నువ్వు మానేస్తానని వాళ్ళకు చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "మరి మానేశావని ఎట్లా వ్రాశారు?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నా ఎం.ఏ. చదువులో లేదు. మర్నాటి నుండి ఆయన, అరవైనాలుగేళ్ళ వయస్సులో, మూలన పెట్టిన పరుపుల సూది తీసుకొని చీరాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. అమ్మ జీడిపప్పుకు పొట్టు తీసే పనికి వెళ్ళింది. కొడుకు లెక్చరరయిన తరువాత మానిన పనులు అవి.

మా పక్కింటి నేత బాబాయి ఆ సాయంకాలం వచ్చి కూర్చొన్నాడు. ఆయనకు కొన్నేళ్ళ క్రితం కీళ్ళ జ్వరం వచ్చి రెండు నెలలు మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. మగ్గం మీద పడుగు సగంలో ఉన్నది. నేతగాడికి సెలవు చీటీ లేదు, నేసిన దానికి మజూరీయే తప్ప జీతమూ లేదు. ఆ రెండు నెలలూ షావుకారు ఇచ్చిన బియ్యం డబ్బు అప్పు పుస్తకంలోకే ఎక్కింది. దానిని ధర్మమని నేను చెప్పను. కాని ఆ పడుగును ఎవరూ కోయలేదు. తమ్ముడు వచ్చి నాలుగు చీరలు నేసిపెట్టాడు. మిగిలినది బాబాయి లేచి తానే నేశాడు. "సగం నేసిన పడుగును కోస్తే ఎవడికి లాభంరా అబ్బాయీ? నేసేవాడికీ నష్టమే, నేయించేవాడికీ నష్టమే" అన్నాడు. నా పాఠాలు ఆ యేడు సగంలో ఆగిపోయాయని ఆయనకు తెలియదు.

అప్పటినుండి నేను సారస్వత నికేతనానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో మా ఊరిలో స్థాపించిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి నేటికీ అక్కడ భద్రంగా ఉన్నది. చిన్నప్పుడు దానిని వింతగా చూసినవాడిని, ఇప్పుడు నా కర్రను గోడకానించి దాని ముందు నిలబడ్డాను. అక్కడ పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంపుటాలున్నాయి. నా పుట్టుకకు ఎంతో ముందు అచ్చయిన వార్తాపత్రికలను, వాటితో ఏమీ సంబంధం లేని మనుష్యులు, చెదలు పట్టకుండా కాపాడుతూ వస్తున్నారు. నేను పంపిన మూడు సెలవు చీటీలు మాత్రం ఏడు నెలలు తిరగకముందే ఒక కార్యాలయంలో కనిపించకుండా పోయాయి. కాగితం దానంతటదే నిలవదు. దానిని నిలపాలన్న మనస్సు ఎవరికో ఒకరికి ఉండాలి.

చీరాలలో ఒక వకీలుగారిని కలిసాను. ఫీజు అడగకుండా ఆయన మూడు ప్రశ్నలు వేశారు. సెలవు ఉత్తరాలకు నకళ్ళున్నాయా? అందినట్లు సంతకం ఉన్నదా? మంజూరు ఉత్తర్వు ఉన్నదా? మూడింటికీ లేదనే చెప్పాను. ఆయన నిట్టూర్చి, అయినా ఆశ వదలక, నాకొక పాఠం చెప్పారు. ఆ పాఠం మీకు కూడా ఉపయోగపడుతుంది గనుక నాకు అర్థమయినంతవరకు వ్రాస్తున్నాను.

ప్రభుత్వోద్యోగి అయితే ప్రతి పూర్తి సంవత్సరం సేవకు 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతుంది. వైద్య ధ్రువపత్రం మీద రెండు రోజుల అర్ధవేతన సెలవును ఒక రోజు పూర్తి వేతన సెలవుగా మార్చుకోవచ్చు. కర్మాగారంలో పనిచేస్తూ ఇ.ఎస్.ఐ. పథకంలో ఉన్న కార్మికుడయితే, ఆనాడు అమలులో ఉండిన 1948 నాటి చట్టం ప్రకారం జబ్బు కాలానికి 91 రోజుల వరకు వేతనంలో నూటికి 70 వంతులు భృతి లభించేది. క్షయ వంటి దీర్ఘవ్యాధులకు నూటికి 80 వంతులు చొప్పున రెండు సంవత్సరాల వరకు పొడిగింపు ఉండేది. అంతకంటె ముఖ్యమైనది ఆ చట్టంలోని 73వ సెక్షను. కార్మికుడు ధ్రువపరచిన జబ్బుతో పనికి రాలేకపోయిన కాలంలో అతనిని తొలగించరాదు, ఆ కాలంలో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు అని అది స్పష్టంగా చెప్పింది. మా కళాశాల ఆ పథకంలో లేదు.

పోనీ కార్మిక న్యాయస్థానానికి వెళదామంటే, ఉపాధ్యాయుడు ఆ చట్టం దృష్టిలో 'వర్క్‌మన్' కాడని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో తేల్చింది. ఆమె గోవాలో ఒక ఉపాధ్యాయిని. బోధన శరీరశ్రమ కాదు, గుమాస్తా పని కాదు, కాబట్టి ఉపాధ్యాయులు ఆ నిర్వచనంలోకి రారని తీర్పు. బోధన పవిత్రమైన వృత్తి అని సభలలో వినడం ఎంత బాగుంటుందో, ఆ పవిత్రత వలన పోయే రక్షణ ఏమిటో ఆనాడు తెలిసింది.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టంలోని 79వ సెక్షను ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలోని ఉపాధ్యాయుడిని, ఆరోపణ ఏమిటో తెలిపి, విచారణ జరిపి, చెప్పుకొనడానికి తగిన అవకాశం ఇచ్చిన తరువాత తప్ప తొలగించకూడదు. "మేము తొలగించలేదు, అతడే మానేశాడు అని వారంటారు" అన్నాను. వకీలుగారు నవ్వి, అందుకే ఆ మాట వ్రాస్తారన్నారు. కాని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు దానికి కూడా సమాధానం చెప్పిందన్నారు. ఎనిమిది రోజులకు మించి రాకపోతే తనంతట తాను మానుకొన్నట్లేనన్న కంపెనీ నిబంధన కింద ఒక కార్మికుడి పేరు కొట్టివేశారు. అతని మాట వినకుండా అట్లా చేయడం చెల్లదని, జీవనోపాధి తీసివేసే ముందు న్యాయమైన పద్ధతి పాటించాలని చెప్పి, ఆగిన జీతంలో సగం ఇప్పించి అతనిని తిరిగి పనిలోకి తీసుకొనమన్నది న్యాయస్థానం. అతడు వర్క్‌మన్, నేను కాను. అయినా ఎదుటివాడి మాట వినాలన్న సూత్రం అందరిదీనని వకీలుగారి అభిప్రాయం.

ఆయన సలహాపై, డాక్టరుగారి వద్ద ధ్రువపత్రాల నకళ్ళు తిరిగి తీసుకొని, జరిగినదంతా తేదీలతో వ్రాసి, అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టరు తపాలాలో పంపాను. నెల తరువాత కబురు వచ్చింది. రెండు నెలల జీతం, అనుభవ ధ్రువపత్రం ఇస్తారు. ఇక రావలసినది ఏమీ లేదని నేను సంతకం చేయాలి. కోర్టుకు వెళితే గెలుస్తానని వకీలుగారికి కొంత నమ్మకం. ఎన్నేళ్ళకు అనేది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి వచ్చేటప్పటికి నాన్నగారు పరుపు కుట్టి కుట్టి కమిలిన వ్రేళ్ళను వేడినీళ్ళలో పెట్టుకొని కూర్చొని ఉన్నారు. మర్నాడు వెళ్ళి సంతకం చేశాను. అది సరియైన పనా కాదా అని నేటికీ నాలో నేను వాదించుకొంటూనే ఉన్నాను. నేను పోరాడి ఉంటే నా తరువాతి వాడికి దారి సుగమమయ్యేది కదా అన్న మాటకు నా వద్ద జవాబు లేదు. ఆ కమిలిన వ్రేళ్ళు ఒక్కటే జవాబు.

నా స్థానంలో వచ్చినవాడు విశ్వవిద్యాలయంలో నాకంటె రెండేండ్లు చిన్నవాడు. మొదట రెండు నెలల కొరకు అని పిలిచి, తరువాత ఉండిపొమ్మన్నారట. ఆ యేడు డిసెంబరులో అతడు నా బల్ల సొరుగులోని పుస్తకాలన్నీ సంచీలో వేసుకొని వేటపాలెం వచ్చాడు. అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయేవరకు పట్టుకొని కూర్చొన్నాడు. "అన్నా, నాకు తెలియదు" అని మాత్రం అన్నాడు. ఆ క్షణం వరకు నేను అతనిని మనస్సులో ఎన్ని మాటలన్నానో అతనికి తెలియదు. అతని నియామకపు ఉత్తరం చూపించమన్నాను. నా ఉత్తరానికి నకలు. ఒకటే పేజీ. జబ్బు మాట లేదు. నా ఉద్యోగం అతనికి దక్కిందనుకొన్నాను గాని, నిజానికి నా అభద్రత అతనికి దక్కింది. సెలవు ఉత్తరం ఎట్లా వ్రాయాలో, నకలు మీద సంతకం ఎట్లా తీసుకోవాలో ఆ రోజు అతనికి చెప్పి పంపాను. ఆ కళాశాలలో నేను చెప్పవలసిన పాఠాలలో చివరిది అది.

2019 మార్చిలో మందులు పూర్తయ్యాయి. ఆ జూన్‌లో మన కళాశాలకు వచ్చాను. ఇంటర్వ్యూలో ఒక సంవత్సరం ఎందుకు ఖాళీ ఉన్నదని అడిగారు. క్షయ అని చెప్పాను. ఎదుట కూర్చొన్న పెద్దలలో ఒకరు, "ఇప్పుడు ఎట్లా ఉన్నది?" అని అడిగి, కుర్చీ తెప్పించి, తరువాత పోతన మీద ప్రశ్న వేశారు. ఆ కుర్చీని నేను మరువలేను.

ఇదంతా ఇన్నాళ్ళూ వ్రాయనిది ఇప్పుడు ఎందుకు వ్రాస్తున్నానంటే, గత విద్యాసంవత్సరంలో ఒక చిన్న సంఘటన జరిగింది. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరు వరుసగా ఆరు వారాలు తరగతికి రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరుకెదురుగా గైర్హాజరు గుర్తులు వేస్తూ వచ్చాను. కార్యాలయం నుండి, దీర్ఘకాలం రానివారి పేర్లు తెలుపవలసినదని కాగితం వచ్చింది. ఆ పేరు వ్రాసి, పక్కన కారణం అన్న గడిలో 'చదువు మానుకొన్నట్లు భావించడమైనది' అని వ్రాశాను. వ్రాసి, సంతకం చేయబోతూ, ఆ మాటను చదివాను.

నా చేతివ్రాతలోనే ఉన్నది. కర్త లేని అదే వాక్యం. ఎంత తేలికగా వచ్చిందో! దానిలో ద్వేషం లేదు, దురుద్దేశం లేదు. కేవలం ఒక గడి ఖాళీగా ఉన్నది, దానిని నింపాలి, సాయంకాలం బస్సు వేళ అవుతున్నది. నా ఉత్తరం వ్రాసినవారు కూడా బహుశా అట్లాగే వ్రాసి ఉంటారని ఏడేండ్ల తరువాత మొదటిసారి తోచింది. అంతవరకు వారిని దుర్మార్గులనే అనుకొన్నాను. దుర్మార్గం అక్కరలేదు. ఒకసారి మనిషిని పంపి అడగకపోతే చాలు.

ఆ కాగితం చింపివేసి, ఆమె స్నేహితురాలిని వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్ళాను. పచ్చకామెర్లు వచ్చి ఆ అమ్మాయి మంచాన పడి ఉన్నది. తండ్రి ఊరూరు తిరిగి బట్టలమ్ముతారు. సెలవు చీటీ పంపాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "మా పిల్ల పేరు తీసేశారా సార్?" అని తల్లి తలుపు చాటునుండి అడిగింది. "లేదమ్మా, పేరు ఉన్నది" అన్నాను. ఆ మాట చెప్పగలిగినందుకు నాకు కలిగిన తృప్తి, నా ఉద్యోగం నాకు తిరిగి వచ్చి ఉన్నా కలిగేది కాదేమో. అక్కడే కూర్చొని ఆమె చేత సెలవు ఉత్తరం వ్రాయించి, నకలు మీద నేనే అందినట్లు సంతకం చేసి ఇచ్చాను. ఫిబ్రవరిలో ఆమె తరగతికి వచ్చింది.

ఇక కమిటీ పెద్దలకు వినయపూర్వకంగా ఒక మనవి. మనది మైనారిటీ విద్యాసంస్థ. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు మన సంస్థను మనమే నడుపుకొనే హక్కునిచ్చింది. అధ్యాపకుని తొలగించే ముందు ప్రభుత్వాధికారి అనుమతి తీసుకోవాలన్న 1975 నాటి మన రాష్ట్ర చట్టంలోని నియమం మైనారిటీ సంస్థలకు వర్తించదని 1980లో సుప్రీంకోర్టు హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు కేసులో చెప్పింది. ఆ హక్కు విలువైనది. దానిని కాపాడుకోవాలి. కాని 1986లో ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూలు కేసులో, తీర్పు వ్రాసిన మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు మరొక సంగతి కూడా గుర్తుచేశారు. సిబ్బందికి న్యాయమైన జీతభత్యాలు, సేవానిబంధనలు కల్పించడం వలన మైనారిటీ హక్కుకు భంగం కలగదని ఆ తీర్పు సారాంశం. పైనుండి అడిగేవాడు తక్కువగా ఉన్నచోట, మనంతట మనమే అడుగుకోవలసిన బాధ్యత ఎక్కువగా ఉంటుందని నాకు తోస్తుంది.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జబ్బు సెలవు ఎన్ని రోజులు, జీతంతో ఎన్ని, జీతం లేకుండా ఎన్ని అనేది నియామకపు ఉత్తరంలోనే ఒక పేరా వ్రాయించండి. సెలవు ఉత్తరం అందిన ప్రతిసారీ అందినట్లు ఒక ముద్ర వేయించండి. దీర్ఘవ్యాధి పడినవారి స్థానంలో వచ్చేవారికి అది తాత్కాలికమని, ఎన్నాళ్ళకో మొదటే తెలుపండి. అన్నిటికంటె ముందు, ఎవరి పేరునైనా పట్టీనుండి తీసివేయబోయే ముందు, ఒక మనిషిని వారి ఇంటికి పంపండి. ఈ నియమాలు నాకొక్కడికే కాదు. ఆఫీసులో పనిచేసే అటెండరుకూ, రేపు ఈ కుర్చీలో కూర్చోబోయే మన విద్యార్థికీ కావలసినవి.

విద్యార్థులారా, మీరు రేపు ఎక్కడెక్కడో ఉద్యోగాలలో చేరతారు. నియామకపు ఉత్తరంలో జీతం అంకె చూసి మురిసిపోకుండా, జబ్బు చేస్తే ఏమిటి అని అడగండి. అడగడం అమర్యాద కాదు. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకొనండి. నోటి మాటను గౌరవించండి, కాగితం కూడా తీసుకొనండి. మీలో కొందరు అధికారులవుతారు, యజమానులవుతారు. అప్పుడు కర్త లేని వాక్యం వ్రాయవలసిన అవసరం వస్తే, ఒక్క క్షణం ఆగి, కర్త ఎవరో మీలో మీరు చెప్పుకొనండి. 'నేను' అని.

మా నాన్నగారు ఇప్పుడు పరుపులు కుట్టడం లేదు. సూదిని మాత్రం పారవేయలేదు, గూట్లో ఉంచారు. ఎందుకని అడిగితే, "ఉండనీరా, ఎప్పుడు ఏ అవసరం వస్తుందో" అంటారు. ఆ సూది నిజంగా అక్కరలేని రోజు రావాలన్నదే నా కోరిక.

ఇక సెలవు.